పుదుచ్చేరిలో ఒక రాత్రి మజిలీ: కారు దిగితేనే కనిపించే ఊరు

నెల్లూరు నుంచి చిదంబరం వెళ్ళే దారిలో రాత్రి మజిలీ ఎక్కడ చేయాలన్న ప్రశ్నకు మా ఇంట్లో మూడు జవాబులు వచ్చాయి. మా నాన్నగారు మహాబలిపురం అన్నారు. ఎంత పొద్దుపోయినా సరే, నేరుగా చిదంబరమే చేరిపోదామని మా ఆవిడ అంది. పదకొండేళ్ళ మా అమ్మాయి పుదుచ్చేరి తప్ప మరో పేరు ఎత్తనివ్వలేదు. కారు నడిపేది నేను కాబట్టి, రెండో రోజుకు అరవై అయిదు కిలోమీటర్లకు మించి మిగలదన్న లెక్క చూసుకొని అమ్మాయి పక్షాన చేరాను. ఫిబ్రవరిలో ఒక మంగళవారం మధ్యాహ్నం నుంచి బుధవారం ఉదయం దాకా అక్కడ గడిపిన సమయాన్ని బట్టి రాస్తున్న సమీక్ష ఇది. పుదుచ్చేరిని నాలుగు రోజులు తిరిగి చూడాలనుకునేవాళ్ళకు ఇది చాలదు. దూరప్రయాణంలో ఉండి, ఒక్క రాత్రి దిగి మళ్ళీ బండెక్కవలసినవాళ్ళకు ఆ ఊరు ఏ మేరకు పనికొస్తుందన్నదే నా విషయం.

నెల్లూరు నుంచి సుమారు 330 కిలోమీటర్లు. తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరితే సూళ్ళూరుపేట, తడ దాటేవరకు ఏ ఇబ్బందీ ఉండదు. అసలు చిక్కు మద్రాసు మహానగరాన్ని దాటడంలోనే ఉంది. ఊళ్ళోకి వెళ్ళకుండా మీంజూరు నుంచి వండలూరు దాకా ఉన్న బాహ్య వలయ రహదారి పట్టుకొని, వండలూరు నుంచి కేళంబాక్కం మీదుగా కోవళం చేరితే తూర్పు తీర రహదారి మీద తేలవచ్చు. చుట్టుదారే అయినా, కోయంబేడు దగ్గర గంటసేపు క్లచ్చి తొక్కుతూ కూర్చోవడం కన్నా అది వెయ్యి రెట్లు మేలు. మహాబలిపురం దాటాక ఎడమ చేతి వైపు వెనకజలాలు, తాటిచెట్లు, మరక్కాణం దగ్గర ఎండలో తెల్లగా మెరిసే ఉప్పుకుప్పలు కనిపిస్తాయి. ఉప్పు మళ్ళు మన కృష్ణపట్నం వైపు చూసినవే అయినా, ఇక్కడ అవి దారికి ఎంతో దగ్గరగా ఉంటాయి. రోడ్డు వెడల్పు చేసే పనులు కొన్నిచోట్ల జరుగుతుండడం వల్ల ఉన్నట్టుండి బండిని పక్కదారికి మళ్ళించవలసి వస్తుంది. కాబట్టి ఈ దారిలో చీకటిపడ్డాక నడపడం నా మట్టుకు నేను మంచిదనుకోను.

పుదుచ్చేరి ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. ఆ కేంద్రపాలిత ప్రాంతం ఒకే ముక్కగా లేదు. తమిళనాడు నేల మధ్యలో చెదురుమదురుగా పడి ఉన్న చిన్న చిన్న ముక్కల సమాహారమది. కాలాపట్టు వచ్చిందంటే పుదుచ్చేరి వచ్చిందనుకుంటాం, అంతలో మళ్ళీ తమిళనాడు, కొట్టకుప్పం ఇరుకు బజారు, ఆ తరువాత మళ్ళీ పుదుచ్చేరి. మద్యం దుకాణాలు వరుసగా కనిపించడం మొదలైతే సరిహద్దు దాటామని, అవి మాయమైతే మళ్ళీ తమిళనాట పడ్డామని మా అమ్మాయి కనిపెట్టి లెక్కపెట్టుకుంటూ వచ్చింది. పిల్లలకు నేర్పదగిన భూగోళ పాఠం కాకపోయినా, లెక్క మాత్రం తప్పలేదు. అదే ఊపులో ఇంకో మాట చెప్పుకోవాలి. ఇక్కడ చవకగా దొరికిందని సీసాలు డిక్కీలో వేసుకొని తమిళనాడులోకి పోవాలనుకునేవారు చెక్‌పోస్టుల సంగతి తెలుసుకొని ఆ ఆలోచన మానుకోవడం మంచిది.

బస విషయంలో నేను చేసిన పొరపాటును విడమరచి చెప్పాలి. ఊరికి తూర్పున, సముద్రానికీ కాలువకూ మధ్య ఉన్న పాత ఫ్రెంచివారి పేటను అందరూ వైట్ టౌన్ అంటారు. పాత ఇళ్ళను బాగుచేసి, ఆవపువ్వు రంగు సున్నం వేసి, గుమ్మం మీదుగా కాగితంపూల తీగ పాకించి వసతి గృహాలుగా మార్చిన వీధులు అక్కడ ఎన్నో ఉన్నాయి. అలాంటి ఒకదానిలో గది తీసుకున్నాను. కారుకు చోటుందా అని ఫోనులో రెండుసార్లు అడిగితే రెండుసార్లూ ఉందనే చెప్పారు. తీరా వెళ్ళాక ఆ చోటు ఏమిటంటే, పక్కింటివారి గేటుకూ కరెంటు స్తంభానికీ మధ్య వీధిలో మిగిలిన ఖాళీ. పక్కింటాయన బయటికి వచ్చి, తన బండి తీయాలంటూ తమిళంలో నెమ్మదిగానే, కానీ ఎదురు చెప్పడానికి వీల్లేని గొంతుతో అన్నారు. వీధులన్నీ ఒకవైపు రాకపోకలవే కావడంతో, నూరు గజాల దూరంలో ఉన్న మరో ఖాళీ చోటికి చేరడానికి మొత్తం పేటను ఒక చుట్టు చుట్టవలసి వచ్చింది. గది మాత్రం బాగుంది. ఎత్తైన కప్పు, టేకు దూలాలు, నిలువెత్తు కిటికీలు ఉండడంతో మధ్యాహ్నం వేళ కూడా ఏసీ అవసరం పడలేదు. వారం మధ్యలో నాలుగున్నర వేలు తీసుకున్నారు. శనివారమైతే అదే గది ఏడువేలని వాళ్ళే చెప్పారు. ఇంకోసారి వెళితే నేను కాలువకు పడమటి వైపున, మహాత్మాగాంధీ రోడ్డు పరిసరాల్లో సొంత ఆవరణ ఉన్న మామూలు హోటల్లోనే దిగుతాను. అక్కడి నుంచి సముద్రం పదిహేను నిమిషాల నడక. మద్యం, సిగరెట్టు జోలి లేకుండా, రాత్రి తలుపులు మూసే వేళకు లోపల ఉండగలిగినవాళ్ళకు అరవిందాశ్రమం వారి అతిథి గృహాలు ఉన్నాయి. సముద్రానికి ఎదురుగా ఉన్న పార్క్ గెస్ట్ హౌస్ వాటిలో ఒకటి. అందులో గది దొరకాలంటే ముందుగా ప్రయత్నించాలి.

ఇక ఆ ఊరు ప్రయాణికుడికి చేసే గొప్ప ఉపకారం దగ్గరికి వస్తాను. తీరం వెంబడి సుమారు కిలోమీటరున్నర సాగే గూబేర్ అవెన్యూను, అంటే అందరూ బీచ్ రోడ్డు అనే దారిని, సాయంత్రం 6 గంటల నుంచి ఉదయం 7.30 గంటల వరకు వాహనాలకు మూసివేస్తారు. ఈ మాట నేను ముందే చదివి ఉన్నాను. చదవడం వేరు, ఆ క్షణాన అక్కడ నిలబడి ఉండడం వేరు. ఆరుకు అయిదు నిమిషాల ముందు కూడా ఆటోలు, స్కూటర్లు, అద్దె సైకిళ్ళు, పెళ్ళివారి వ్యాను ఒకదాని వెనక ఒకటి హారన్లు మోగిస్తూనే ఉన్నాయి. ఫ్రెంచి కాలం నాటి ఆనవాలైన గుండ్రటి ఎర్ర టోపీ పెట్టుకున్న కానిస్టేబులు ఒకరు గోడకు జారవేసి ఉన్న బారికేడును ఈడ్చుకొచ్చాడు. దాని కింది చక్రాల్లో ఒకటి తిరగడం లేదు, తారు మీద కీచుమని గీసుకుంటూ వచ్చింది. చిట్టచివరి స్కూటరువాడు దూరిపోదామని చూస్తే విజిల్ ఊదాడు. ఆ తరువాత ఒక నిమిషంలో సముద్రం వినిపించింది. అంతవరకూ అది కళ్ళెదుట ఉన్నదే. రాళ్ళ సందుల్లోకి నీరు దూరి వెనక్కి పీల్చుకునే చప్పుడు మాత్రం అప్పుడే చెవిన పడింది. పొద్దున్నుంచి ఏడు గంటలు స్టీరింగు పట్టుకున్న మనిషికి, రోడ్డు మీద బండి లేని ఆ స్థితి ఎంత విశ్రాంతి ఇస్తుందో మాటల్లో చెప్పలేను. మా ఆవిడ రోడ్డుకు నడిమధ్య గీత మీద నడవడం మొదలుపెట్టింది. పదిహేనేళ్ళ కాపురంలో ఆమె అలా నడవగా నేను చూడలేదు.

ఆ కిలోమీటరున్నరలో చూడదగినవి చాలానే ఉన్నా, వాటి కోసం ఆగి ఆగి నడవనవసరం లేదు, అవే వరసగా ఎదురవుతాయి. 1836లో వెలిగించిన పాత దీపస్తంభం, మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు పక్షాన పోరాడి చనిపోయినవారి కోసం 1938లో కట్టిన స్మారకం, సెంజి కోట నుంచి తెచ్చినవని చెప్పే ఎనిమిది రాతి స్తంభాల నడుమ నిలువెత్తుకు రెండింతలున్న గాంధీ విగ్రహం, దక్షిణపు కొసన ఒకప్పటి ఫ్రెంచి గవర్నరు డూప్లే విగ్రహం. ఏటా జూలై 14న యుద్ధ స్మారకానికి దీపాలంకరణ చేసి వేడుక జరుపుతారు. గాంధీ విగ్రహం దగ్గర మాత్రం ప్రతి సాయంత్రమూ వేడుకే. బుడగలవాళ్ళు, చిన్న పిల్లల బ్యాటరీ కార్లు, చేతిలో ఫోను చాచి పట్టుకున్న కాలేజీ కుర్రకారు, నడక కోసం వచ్చిన స్థానిక వృద్ధులు, అందరూ అక్కడే. జనం ఒద్దనుకునేవాళ్ళు అక్కడి నుంచి దక్షిణానికి ఒక ఫర్లాంగు నడిస్తే చాలు, కూర్చునే దిమ్మెలు ఖాళీగా దొరుకుతాయి.

తినుబండారాల్లో నా ఓటు తోపుడుబండి మీది సుండల్‌కే. ఉడికించిన బఠాణీలలో పచ్చి మామిడి ముక్కలు, కొబ్బరి కోరు వేసి, ఇగురు గుగ్గిళ్ళకు పెట్టినట్టే పోపు పెట్టి, పాత నోటుపుస్తకం కాగితంలో పొట్లం కట్టి ఇస్తారు. నా పొట్లం లోపలి వైపు ఎవరో పిల్లవాడు వేసిన త్రిభుజం లెక్క ఉంది, జవాబు తప్పు. మామిడి పులుపు నాలుకకు తగలగానే దారిలో తిన్న హైవే ఫలహారం పాపమంతా కడుక్కుపోయినట్టనిపించింది. రాత్రి భోజనానికి ముందు వైట్ టౌన్‌లోనే, గోడల నిండా పాత ఫోటోలు వేలాడే ఒక కెఫేలో కూర్చున్నాం. ముప్పావు గంట తరువాత చల్లారిన ఆమ్లెట్టు, దాని పక్కన మూడు ఆకులు వచ్చాయి. బిల్లు మాత్రం వేడిగానే ఉంది. ఆ అనుభవంతో కాలువ దాటి అవతలకు పోయి, స్టీలు పళ్ళాల్లో వడ్డించే ఒక తమిళుల ఫలహారశాలలో ఇడియాప్పం, కొబ్బరిపాలు, మందపాటి కల్ దోసెలు తిన్నాం. నలుగురికీ కలిపి అయిన ఖర్చు ఆ చల్లారిన ఆమ్లెట్టు కన్నా తక్కువ. అంతమాత్రాన వైట్ టౌన్‌లో తినదగినదే లేదని నేననను. రొట్టెల అంగళ్ళు మంచివి ఉన్నాయి. పైన పెళుసుగా, లోపల మెత్తగా ఉండే పొడవాటి ఫ్రెంచి రొట్టెను ఒకటి కొని మర్నాటి దారికి దాచుకున్నాం. చిత్రాల కోసం అలంకరించిన చోట వంట మీద శ్రద్ధ తక్కువగా ఉంటుందన్న నా అనుమానం మాత్రం అక్కడ బలపడింది.

భోజనం తరువాత వీధులు తిరిగాం. ఊరంతా గళ్ళ నుడికట్టు గీసినట్టు తిన్నని వీధులు. 1693 నుంచి 1699 వరకు ఈ ఊరు డచ్చివారి చేతిలో ఉన్నప్పుడు గీసిన పథకమది. 1761లో ఇంగ్లీషువారు ఊరిని నేలమట్టం చేసినా, తిరిగి కట్టినప్పుడు గీతలు మారలేదు. అందువల్ల ఏ అడ్డవీధిలో నిలబడి తూర్పుకు చూసినా చివరన సముద్రపు చీకటి కనిపిస్తుంది, కొత్తవాళ్ళు దారి తప్పడమన్నది ఉండదు. నీలం రేకుల మీద ఫ్రెంచిలోనూ తమిళంలోనూ వీధుల పేర్లు ఉంటాయి. వాటిలో ఒకటి చదివి నాన్నగారు ఆగిపోయారు. ఇప్పుడు లాల్‌బహదూర్ శాస్త్రి పేరు పెట్టిన ఆ వీధి పాత పేరు బుస్సీ వీధి. 1757 జనవరిలో విజయనగరం విజయరామరాజు పక్షాన వచ్చి బొబ్బిలి కోటను ముట్టడించిన ఫ్రెంచి సేనాని బుస్సీ దొర ఆయనే. రాణుల మరణం, తాండ్ర పాపారాయుడి ప్రతీకారం చిన్నప్పుడు బుర్రకథలో విని ఏడ్చిన మనిషి, ఆ పేరున్న వీధిలో ఐస్‌క్రీమ్ తింటూ నిలబడవలసి వచ్చింది. “వీడికి వీధి కూడానా” అని మాత్రం అన్నారు.

ఆ రాత్రి తెలుగువారిని గుర్తుచేసేది ఇంకొకటి కనిపించింది. ఒక కారు నంబరు పలక మీద పీవై 04 అని ఉంది, అది యానాం బండి. కాకినాడ పక్కన గోదావరి ఒడ్డున ఉన్నా యానాంవారికి రాజధాని ఇదే కదా. మాకిది సరదా మజిలీ, వారికి కచేరీ పని మీద పడవలసిన ప్రయాణం. యానాంలో ఫ్రెంచి పాలన 1954 జూన్‌లోనే కూలిపోయినా, ఇక్కడ అది ముగిసింది ఆ ఏడాది నవంబరు 1న. రెండేళ్ళ తరువాత సరిగ్గా అదే తేదీన ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఈ కాకతాళీయాన్ని నేను చెబితే మా ఇంట్లో ఎవరూ పెద్దగా చలించలేదు కానీ, నాకు మాత్రం అది మొక్కుబడిగా రాసే మాట కాదు.

కాలువ గురించి దాచకుండా చెప్పాలి. పూర్వం తెల్లవారి పేటకూ నల్లవారి పేటకూ గీసిన ఎల్ల అది. ఇప్పుడు గట్లు కట్టి బాగుచేసినా, మేము దాటిన రెండుసార్లూ ముక్కు మూసుకొనే దాటాం. ప్రచార చిత్రాల్లో రాని సంగతి కనుక రాస్తున్నాను.

మేము చూడనివి కూడా చాలా ఉన్నాయి. ఊరికి పది, పన్నెండు కిలోమీటర్ల దూరంలోని ఆరోవిల్ అనే అంతర్జాతీయ పల్లెలో, మాతృమందిరమనే ధ్యానమందిరాన్ని బయటి నుంచి చూడాలన్నా సందర్శక కేంద్రంలో చీటీ తీసుకొని నడవాలి, లోపలికి వెళ్ళాలంటే ముందుగానే పేరు నమోదు చేసుకోవాలి. ఒక్క పూట ఉన్నవాళ్ళు దాన్ని హడావుడిగా ముగించే బదులు మానుకోవడమే నయం. చున్నాంబారు నుంచి పడవలో వెళ్ళే ప్యారడైజ్ బీచి కూడా అంతే, కనీసం అరపూట అడుగుతుంది. అరవిందుల సమాధి మాత్రం నడిచి వెళ్ళే దూరంలోనే ఉంది. ఫోను కట్టేసి, మాట మానేసి పావుగంట కూర్చోవడానికి సిద్ధపడేవాళ్ళు దాన్ని వదులుకోకూడదు.

సముద్రస్నానం కోసమే వెళ్ళేవాళ్ళు ఒక మాట తెలుసుకోవాలి. ఊరి ఎదుటి తీరాన్ని రాక్ బీచ్ అనడం ఊరికే కాదు. పెద్ద పెద్ద నల్లరాళ్ళు పరిచిన గట్టే తప్ప, చాలా మేర ఇసుక లేదు. మైపాడు తీరంలో మోకాలిదాకా దిగడానికి అలవాటుపడ్డ నాన్నగారు తొలి సాయంత్రమే, “సముద్రానికొచ్చి కాళ్ళు తడవకుండా పోవడమేందిరా” అన్నారు. దానికి కారణం తెలిస్తే కోపం కొంత తగ్గుతుంది. ఈ తీరం వెంబడి ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. 1980ల చివర ఊరికి దక్షిణాన, అరియాంకుప్పం నది కలిసేచోట రేవు కోసం సముద్రంలోకి రాతి గోడలు కట్టడంతో ఆ ఇసుక అక్కడే ఆగిపోయింది. ఊరి ఎదుట ఉన్నది కోసుకుపోయింది. మిగిలిన నేల పోకుండా రాళ్ళు పోశారు. విశాఖపట్నంలో రేవు కట్టిన తరువాత రామకృష్ణా బీచికి పట్టిన గతి కూడా ఇలాంటిదే, అక్కడ తవ్విన ఇసుకను తెచ్చి పోస్తూ నెట్టుకొస్తున్నారు. ఇక్కడ 2018లో సచివాలయం ఎదుట సముద్రంలో నీటి అడుగున ఒక కృత్రిమ దిబ్బను నిలిపి అలల జోరు తగ్గించారు. దానితో ఉత్తరపు కొసన, గాంధీ విగ్రహం దాకా మళ్ళీ కొంత ఇసుక చేరింది.

మర్నాడు తెల్లవారుజామున అయిదున్నరకు నాన్నగారిని ఆ ఇసుక దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆ వేళకు బీచ్ రోడ్డు పూర్తిగా ఊరివాళ్ళది. చీర మీద నడక బూట్లు వేసుకున్న పెద్దావిడలు, రేడియో చెవికి ఆనించుకున్న ముసలాయన, గోడ మీద కాళ్ళు చాపి వ్యాయామం చేసే పోలీసులు. రాత్రి కనిపించిన జనంలో ఒక్కరూ లేరు. రాళ్ళ మీద ఎండ్రకాయలు కూడా నిర్భయంగా పైకి వచ్చి కూర్చున్నాయి, మేము అడుగు వేయగానే సందుల్లోకి జారుకున్నాయి. ఆరున్నర ప్రాంతంలో సూర్యుడు నీళ్ళలోంచి లేచాడు. నాన్నగారు పంచె పైకి దోపుకొని, చెప్పులు నా చేతికిచ్చి ఇసుకలోకి దిగారు. ఒక అల వచ్చి కుడికాలు తడిపిందో లేదో, గట్టు మీద నుంచి విజిల్ వినిపించింది. అక్కడ నీళ్ళలోకి దిగనివ్వరట. ఎడమకాలు పొడిగానే ఉండిపోయింది.

నెహ్రూ వీధిలోని ఇండియన్ కాఫీ హౌస్‌లో రొట్టె, ఆమ్లెట్టు, చిక్కటి కాఫీ తీసుకున్నాం. ముందురోజు కెఫే మీద ఉన్న కసి ఆ వేడి ఆమ్లెట్టుతో తీరింది. అంగడి ముందు ఆడంబరమేమీ ఉండదు. పళ్ళెం బల్ల మీదికి వచ్చే వేగాన్ని బట్టి లోపల పని తెలిసినవాళ్ళున్నారని అర్థమవుతుంది.

మార్కులు వేయమంటే, ఒక్క రాత్రి మజిలీగా అయిదింటికి నాలుగు వేస్తాను. పోయిన ఒక్కటీ కారు నిలిపే చోటికి పోయింది. శని, ఆదివారాల్లో చెన్నై, బెంగళూరుల నుంచి వచ్చే రద్దీలో అయితే ఇంకొకటి తగ్గించుకోవలసి ఉంటుంది. నవంబరు, డిసెంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వానలు, తుపానులు ఉంటాయి కనుక అప్పుడు వెళ్ళేవాళ్ళు వాతావరణ సూచన చూసుకొని బయలుదేరాలి. మే నెల ఎండ నెల్లూరువాళ్ళకే భయం పుట్టిస్తుంది. సాయంత్రం అయిదు లోపల ఊరు చేరి, బండిని ఒకచోట కట్టేసి, మర్నాడు ఏడున్నర దాటాక గానీ దాన్ని ముట్టుకోనివాళ్ళకు పూర్తి ప్రతిఫలం దక్కుతుంది. చీకటి పడ్డాక చేరి, పొద్దున్నే పరుగెత్తేవాళ్ళు ఇంతదూరం రావడం కన్నా దారిలో ఎక్కడైనా పడుకోవడం చవక.

మేము కడలూరు దారి పట్టేసరికి ఎనిమిదిన్నర అయింది. బారికేడ్లు గోడకు చేరాయి, బీచ్ రోడ్డు మీద అప్పటికే ఇసుక లారీ ఒకటి హారన్ మోగిస్తోంది. నాన్నగారు ముందు సీట్లో కూర్చొని కుడి పాదానికి అంటిన ఇసుకను దులపకుండా అలాగే ఉంచుకున్నారు. కింద పరిచిన కాళ్ళపట్టా మీద అది ఇప్పటికీ కొంత ఉంది.